మందు వికటిస్తే తెలిసేదెట్లా?

జబ్బు తగ్గుతుందని మందు వేస్తాం. వేసిన మందే ఒక్కొక్కసారి కొత్త జబ్బు తెచ్చిపెడుతుంది. మన పెద్దలు దీన్ని ‘మందు వికటించింది’ అని ఒక్క మాటలో చెప్తారు. వికటించిన సంగతి పెద్దవాళ్లయితే నోరు విడిచి చెప్పుకోగలరు. “ఆ గోలీ వేసుకున్నప్పటి సంది తల తిరుగుతున్నది” అంటారు. పసిబిడ్డ ఏమని చెప్పాలి? అందులోనూ ఆ బిడ్డ అప్పటికే జబ్బుతో దవాఖాన మంచం మీద ఉంటే, ఆ ఏడుపు జబ్బు వల్లనా, మందు వల్లనా అన్నది ఎవరు తేల్చాలి? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఏమి జవాబు చెప్తున్నదో చదివి తెలుసుకోవాలనే బుద్ధి నాకు ఊరికే పుట్టలేదు. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి పుట్టించింది.

మా మేనమామది ఆలేరు పక్కన పల్లె. రెండేండ్ల కింద వానాకాలంలో ఆయన బిడ్డ, నాలుగేండ్ల పిల్ల, వాంతులు విరేచనాలతో పడ్డది. మా వైపు పిల్లల జబ్బులకు ఒక తొవ్వ ఉన్నది. ముందు ఊళ్లో ఆరెంపీ, తర్వాత ఆలేరు, అక్కడ తగ్గకపోతే భువనగిరి, అక్కడా కాకపోతే హైదరాబాదు నీలోఫర్. ఈ పిల్లను ఆ తొవ్వలోనే ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చారు. దాని పేరు ఇక్కడ అక్కర లేదు. సెలైన్ పెట్టారు, వాంతులు కట్టడానికి సూది వేశారు. వాంతులు తగ్గినవి. రాత్రి ఇంకోసారి వేశారు. తెల్లవారేసరికి పిల్ల మెడ ఒక పక్కకు వంకరపోయి బిగుసుకున్నది. కండ్లు పైకి తేలేసింది. నాలుక బయటికి వచ్చి మాట ముద్దముద్దగా వస్తున్నది. తెలివి మాత్రం ఉన్నది, పిలిస్తే చూసి ఏడుస్తున్నది.

మా అమ్మమ్మ “గాలి సోకిందిరా, పిల్లను ఇక్కడ పెట్టొద్దు, తీసుకపోదాం” అని ఒకటే గోల. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఫిట్స్ అనుకొని ఆ మందు తెమ్మని చీటీ రాశాడు. పక్క మంచం వాళ్లు ధనుర్వాతమేమోనని గుసగుసలు పోయారు. అంతలో డ్యూటీ మారి కొత్తగా వచ్చిన నర్సమ్మ పిల్లను ఒక నిమిషం చూసి మా అత్తను అడిగింది:

“రాత్రి పిల్లకు ఏం సూది ఏసిండ్రమ్మా?”

“వాంతుల సూది ఏసిండ్రమ్మా. రెండుసార్లు ఏసిండ్రు.”

నర్సమ్మ కేస్ షీటు తిరగేసింది. సూది వేసినట్టు ఉన్నది కాని ఎంత వేసిందీ రాసి లేదు. చెత్త డబ్బాలోంచి ఖాళీ ఆంపూల్ తీసి చూసింది. మెటోక్లోప్రమైడ్. పెద్ద డాక్టరుకు ఫోను చేసింది. ఆయన ఫిట్స్ మందు ఆపించి ప్రోమెథజైన్ సూది వేయమన్నాడు. పావుగంట దాటిందో లేదో మెడ సడలింది, కండ్లు కిందికి దిగినవి, పిల్ల నీళ్లు అడిగింది. మా అమ్మమ్మ మాత్రం తాను మొక్కుకున్న యాదగిరి నరసింహస్వామే కాపాడినాడని నేటికీ అంటుంది. నేను ఎదురు చెప్పను. కాని ఆ నర్సమ్మ అడిగిన ఒక్క ప్రశ్న వెనుక ఎంత శాస్త్రం ఉన్నదో తర్వాత చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది.

మెటోక్లోప్రమైడ్ మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. వాంతిని పుట్టించే భాగంలో అడ్డుకుంటే వాంతులు ఆగుతవి. అది కోరుకున్న ఫలితం. కాని అదే డోపమైన్ కండరాల కదలికను అదుపు చేసే భాగంలో కూడా పనిచేస్తుంది. అక్కడ డోపమైన్, అసిటైల్‌కోలిన్ అనే రెండూ కాడికి కట్టిన ఎడ్లవలె సరిసమానంగా లాగుతుండాలి. ఒకదాన్ని ఆపితే రెండోది బండిని పక్కకు ఈడుస్తుంది. మెడ, కండ్లు, నాలుక కండరాలు బిగిసిపోతవి. ప్రోమెథజైన్‌కు అసిటైల్‌కోలిన్‌ను తగ్గించే గుణం ఉన్నది కనుక తూకం మళ్లీ కుదురుతుంది. ఈ వికటింపు పెద్దలలో కంటే పిల్లల్లో ఎక్కువ. సరైన మోతాదులో కూడా రావచ్చు, మోతాదు మించితే మరీ తొందరగా వస్తుంది. 2013లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ ఏడాది లోపు పిల్లలకు ఈ మందు అసలే వాడవద్దనీ, పెద్ద పిల్లలకు కూడా వేరే మందు పనిచేయనప్పుడే వాడాలనీ చెప్పింది.

ఇక్కడ చిన్న లెక్క. పిల్లల మోతాదు కిలో బరువుకు 0.1 నుంచి 0.15 మిల్లీగ్రాములు. మా మామ బిడ్డ బరువు 14 కిలోలు. ఎక్కువలో ఎక్కువ వేసుకున్నా 2.1 మిల్లీగ్రాములు. ఒక ఆంపూల్‌లో 2 మిల్లీలీటర్లు, అందులో 10 మిల్లీగ్రాముల మందు. అంటే ఆ పిల్లకు పోవలసింది అర మిల్లీలీటరు కూడా కాదు. సగం ఆంపూల్ ఎక్కిస్తే చాలు, రెండింతలు దాటుతుంది. పెద్దవాళ్లకు తయారుచేసిన సీసాలోంచి పిల్లలకు కొలిచి తీయడంలో ఉన్న ప్రమాదం ఇదే. ఒక్క చుక్క దశాంశ బిందువు పక్కకు జరిగితే మోతాదు పదింతలవుతుంది. 2001లో అమెరికాలో రెండు దవాఖానలలో పిల్లల కోసం రాసిన 10,778 మందుల ఆర్డర్లు పరిశీలిస్తే 616 తప్పులు దొరికినవి. అంటే నూటికి ఆరుకు దగ్గర. హాని చేయగలిగిన తప్పులు పెద్దల వార్డుల్లో కంటే పిల్లల్లో మూడింతలు ఎక్కువగా ఉన్నవని తేలింది.

అయితే తప్పు జరిగితేనే మందు వికటిస్తుందని అనుకోరాదు. వికటింపులు ముఖ్యంగా రెండు తీర్లుగా ఉంటవని 1977లో రాలిన్స్, థాంప్సన్ అనే ఇంగ్లండు వైద్యులు చెప్పినారు. మొదటిది మందుకు ఉన్న గుణమే మితిమీరి పనిచేయడం. నిద్ర మందుతో మరీ మత్తు, చక్కెర తగ్గించే మందుతో చక్కెర మరీ పడిపోవడం ఇట్లాంటివి. దీన్ని ముందుగా ఊహించవచ్చు, మోతాదు తగ్గిస్తే తగ్గుతుంది. రెండోది ఆ మనిషికి మాత్రమే పడకపోవడం. అందరికీ మేలు చేసిన పెన్సిలిన్ ఒకరికి ప్రాణం మీదికి తేవడం, ఫిట్స్ మందు ఒక పిల్లవానికి ఒళ్లంతా తోలు ఊడిపోయేటట్టు చేయడం. ఇది అరుదు, ఊహించడం కష్టం, కాని మొదటిదానికంటే ప్రాణాంతకం.

అసలు చిక్కు ఎక్కడున్నదంటే, వికటింపు తన ముఖంతో రాదు. జబ్బు ముఖం పెట్టుకొని వస్తుంది. మెడ వంకరపోతే ఫిట్స్ అనుకున్నారు. జ్వరంతో చేరిన పిల్లకు దద్దుర్లు వస్తే తట్టు అనుకుంటారు. మత్తుగా పడి ఉంటే జ్వరం మెదడుకు ఎక్కింది అంటారు. అనుకొని దానికి ఇంకో మందు రాస్తారు. ఆ రెండో మందు మూడోదాన్ని తెస్తుంది.

ఇది మా పత్తి చేలలో కూడా చూసిన వ్యవహారమే. పక్క పొలంలో 2,4-డి అనే కలుపుమందు కొడితే గాలికి కొట్టుకొచ్చి, లేదా అదే మందు కొట్టిన పంపును సరిగ్గా కడగక వాడితే, పత్తి ఆకులు వేళ్లలాగా సన్నగా చీలి ముడుచుకుంటవి. రైతు దాన్ని తెగులు అనుకుంటాడు. షాపాయన ఇంకో డబ్బా చేతిలో పెడతాడు. చేను ఇంకా పాడవుతుంది. మా నాయన ఒక ఏడు మూడు డబ్బాలు కొట్టిన తర్వాత గాని ‘పంపు ఎవరిది తెచ్చినవు?’ అని అడిగినవాడు దొరకలేదు. నర్సమ్మ అడిగింది కూడా అదే తీరు ప్రశ్న.

పిల్లల శరీరం పెద్దల శరీరానికి చిన్న నమూనా కాదు. ఈ సంగతి వైద్యలోకానికి చాలా కష్టంగా తెలిసింది. 1950లలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఇన్‌ఫెక్షన్ రాకుండా ముందు జాగ్రత్తగా క్లోరాంఫెనికాల్ ఇచ్చేవారు. కొందరు శిశువులు పొట్ట ఉబ్బి, ఊపిరి ఆడక, ఒళ్లు బూడిద రంగుకు తిరిగి చనిపోయేవారు. నెలలు నిండని శిశువులు చనిపోవడం మామూలే కదా అని ఎవరూ మందును అనుమానించలేదు. 1959లో లాస్ ఏంజిలిస్‌లో బర్న్స్, హాడ్జ్‌మన్, కాస్ అనే వైద్యులు శిశువులను గుంపులుగా చేసి, మందు ఇచ్చినవారిని, ఇవ్వనివారిని పోల్చి చూశారు. ఇచ్చిన గుంపులో చావులు ఇవ్వని గుంపుకు మూడింతలు ఉన్నవి. కారణం ఏమిటంటే, ఆ మందును విరిచి బయటికి పంపే ఎంజైము పసికందు కాలేయంలో ఇంకా తయారుకాలేదు. లోపలికి పోయిన మందు బయటికి పోక రోజురోజుకూ పేరుకుంటుంది. ఒక్కొక్క శిశువును విడిగా చూస్తే ఎప్పటికీ తెలియని సంగతి, పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది.

మన దగ్గర దీనికి ఇంకొక చిక్కు తోడవుతుంది. మన వార్డుల్లో ఉండే పిల్లల్లో చాలామంది బరువు తక్కువవాళ్లు. తిండి చాలని శరీరంలో మందు ఎట్లా నడుస్తుందనే విషయం మీద హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పేరుపొందిన పరిశోధనలు చేసింది. తర్వాత ఆ సంస్థకు డైరెక్టరు అయిన డాక్టర్ కమలా కృష్ణస్వామి ఈ పరిశోధనకు ఆద్యులలో ఒకరు. పోషకాహార లోపం తీవ్రమైతే రక్తంలో అల్బుమిన్ తగ్గుతుంది. ఆ అల్బుమిన్‌కు అంటుకొని నిలిచే మందు విడిగా తిరగడం ఎక్కువవుతుంది. కాలేయం దాన్ని విరిచే వేగం కూడా మందగిస్తుంది. పుస్తకంలో రాసిన మోతాదు బాగా తిన్న పిల్లవానిది. మా ఊరి బక్కపిల్లకు అదే మోతాదు ఎక్కువ కావచ్చు.

పోల్చి చూడడం అనే పద్ధతి మన హైదరాబాదులోనే ఎంత అవసరమైందో 2019 మార్చిలో అందరూ చూశారు. నాంపల్లి ప్రాంతంలోని ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మార్చి 6న పసిపిల్లలకు పెంటావాలెంట్ టీకా వేశారు. టీకా తర్వాత జ్వరం రాకుండా పారాసిటమాల్ గోలీలు ఇచ్చి పంపడం మామూలు. ఇంటికి పోయిన పిల్లలు మత్తుగా, ఊపిరి సరిగా ఆడక పడిపోతుంటే తల్లిదండ్రులు నీలోఫర్‌కు పరుగెత్తారు. ఏడో నిజాం కోడలు నీలోఫర్ పేర వెలసిన ఆ దవాఖానలో ముప్ఫై మందికి పైగా పసిపిల్లలను చేర్చవలసి వచ్చింది. రెండు రోజుల్లో ఇద్దరు చనిపోయారు. ముందు అందరి వేలూ టీకా వైపే చూపింది. విచారణలో తేలింది వేరు. పారాసిటమాల్‌కు బదులు ట్రమడాల్ గోలీలు ఇచ్చినారు. ట్రమడాల్ నల్లమందు జాతికి దగ్గరి నొప్పి మందు. పెద్దలకు ఆపరేషన్ నొప్పులకు ఇచ్చేది. పసిపిల్లల్లో మత్తు తెచ్చి, ఊపిరిని మందగింపజేస్తుంది.

ఇట్లాంటిచోట ఆలోచన ఏ దారిన పోవాలో గమనించండి. టీకా వల్ల అయితే అదే టీకా వేసుకున్న మిగతా కేంద్రాల పిల్లలకు కూడా కావాలి కదా. అక్కడ ఏమీ కాలేదంటే ఈ కేంద్రంలో వేరుగా ఇచ్చినదేమిటని వెతకాలి. ఇక పిల్లల మీద కనబడుతున్న ఆనవాళ్లు ఏమిటి? మత్తు, మందగించిన ఊపిరి. టీకా వికటిస్తే సాధారణంగా కనబడేవి జ్వరం, వాపు, దద్దుర్లు. అవీ ఇవీ కలవవు. కలవనప్పుడే అనుమానం మొదలు కావాలి. ఆ రోజుల్లో నేను హైస్కూల్లో ఉన్నాను. మా వాడకట్టులో తల్లులు “టీకాలు ఏయించొద్దట” అని చెప్పుకోవడం నాకు గుర్తున్నది. గోలీ చేసిన తప్పుకు టీకా నింద మోసింది. వికటింపును సరిగా గుర్తుపట్టకపోతే జరిగే రెండో నష్టం ఇదే, మంచి మందు మీద నమ్మకం పోతుంది.

మరి దవాఖానలో రోజూ జరిగే చిన్న చిన్న వికటింపులను ఎట్లా పట్టుకోవాలి? మొదటి పద్ధతి, చూసినవారు రాసి పంపడం. బ్రిటన్‌లో 1964 నుంచి డాక్టర్లు పచ్చ కార్డు నింపి పంపే ఏర్పాటు ఉన్నది. మన దేశంలో ఔషధ నిఘా కార్యక్రమం 2010 జూలైలో మొదలైంది. 2011 నుంచి ఘజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతున్నది. వైద్య కళాశాలల్లో కేంద్రాలు పెట్టి, అక్కడికి వచ్చిన ఫారాలను పరిశీలించి, స్వీడన్‌లోని ఉప్సాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి పనిచేసే కేంద్రానికి పంపుతారు. ఫారం మీద స్పష్టంగా ఉంటుంది, రిపోర్టు పంపినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని. అయినా రాసేవారు తక్కువ. పని ఒత్తిడి ఒకటి, ‘నా మీదికి వస్తుందేమో’ అనే జంకు ఒకటి.

ఈ పద్ధతి ఎంత పలచనిదో 2008లో అమెరికాలో తేలిపోయింది. 12 పిల్లల దవాఖానలలో 960 కేస్ షీట్లను ఎంచుకొని పరిశోధకులు మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. ఊరికే చదవలేదు. కొన్ని ఆనవాళ్ల పట్టీ ముందుగా తయారుచేసుకున్నారు. ఉదాహరణకు కేస్ షీటులో నాలోక్సోన్ అనే మందు కనబడిందనుకోండి. అది నల్లమందు జాతి మందులకు విరుగుడు. విరుగుడు ఇచ్చారంటే మత్తు మితిమీరి ఉంటుంది. ఉన్నట్టుండి అలర్జీ మందు రాశారంటే దద్దుర్లు వచ్చి ఉండవచ్చు. రక్తంలో క్రియాటినిన్ పెరుగుతున్నదంటే మూత్రపిండాలను ఏ మందు దెబ్బతీస్తున్నదో చూడాలి. నడుస్తున్న మందును అర్ధాంతరంగా ఆపారంటే ఎందుకు ఆపినట్టు? పొలంలో పంది అడుగులు చూసి పందిని పసిగట్టినట్టు, విరుగుడును చూసి విషాన్ని పసిగట్టడం ఇది. మా మామ బిడ్డ కేస్ షీటు ఆ పరిశోధకుల చేతికి వస్తే వాంతుల సూది దగ్గర కాకుండా ప్రోమెథజైన్ దగ్గర వాళ్ల వేలు ఆగేది.

ఆ 960 షీట్లలో వాళ్లకు 2,388 ఆనవాళ్లు దొరికినవి. ఒక్కొక్కదాన్ని లోతుగా చూస్తే 107 నిజమైన హానులు తేలినవి. అంటే ఇరవై రెండు ఆనవాళ్లు వెదికితే ఒక్క హాని. వెదకడం ఎంత ఓపికతో కూడిన పనో చూడండి. ఈ 107లో దవాఖానల సొంత రిపోర్టు పుస్తకాల్లోకి ఎక్కినవి నూటికి 3.7 మాత్రమే. అంటే నాలుగు. మిగతావన్నీ ఎవరూ రాయకుండానే గడిచిపోయినవి. అందులో నూటికి 22 ఆపగలిగినవే.

ఇంకో దారి, కాగితాలు తిరగేయకుండా మంచం పక్కనే ఉండి చూడడం. ఇంగ్లండులో లివర్‌పూల్ నగరంలోని ఆల్డర్ హే పిల్లల దవాఖానలో ఒక సంవత్సరం పొడుగునా 6,601 చేరికలను ఇట్లా గమనించారు. 2013లో ఫలితాలు అచ్చయినవి. నూటికి దాదాపు 18 మంది పిల్లల్లో ఏదో ఒక వికటింపు కనబడింది. సగానికి పైగా ఆపరేషన్లలో వాడే మత్తు మందులు, నల్లమందు జాతి నొప్పి మందుల వల్లనే. చాలావరకు వాంతులు, దురద వంటి చిన్నవే అనుకోండి. అమెరికా లెక్కలో నూరు మంది పిల్లలకు 11 హానులు, ఇక్కడ నూటికి 18 మంది. రెండు లెక్కలూ ఒకే కొలత కాదు, కాని దగ్గర నిలబడి చూసినవారికి ఎక్కువ కనబడడంలో వింత లేదు.

అనుమానం వచ్చిన తర్వాత ‘ఇది నిజంగా మందు వల్లనేనా?’ అన్నది తేల్చాలి. దీనికి 1981లో కెనడాలోని టొరంటోలో నరాంజో అనే వైద్యుడు, ఆయన తోటివారు పది ప్రశ్నల పట్టిక తయారుచేశారు. దాన్ని మా మామ బిడ్డకు నేనే వేసి చూశాను. ఈ మందుకు ఇట్లాంటి ఫలితం ఉన్నదని ముందే తెలుసునా? తెలుసు, 1 మార్కు. మందు ఇచ్చిన తర్వాతనే వచ్చిందా? అవును, 2. మందు ఆపితేనో, విరుగుడు ఇస్తేనో తగ్గిందా? తగ్గింది, 1. వేరే కారణం ఏదైనా ఉన్నదా? ఫిట్స్ అయితే తెలివి ఉండదు. ధనుర్వాతమైతే పావుగంటలో పోదు. కాబట్టి లేదు, 2. మందు మళ్లీ ఇస్తే మళ్లీ వచ్చిందా అనే ప్రశ్నకు మార్కు లేదు, ఇవ్వలేదు గనుక. మొత్తం 6. తొమ్మిది గాని, అంతకు ఎక్కువ గాని అయితే ‘నిశ్చయం’, 5 నుంచి 8 అయితే ‘చాలావరకు కావచ్చు’, 1 నుంచి 4 అయితే ‘కావచ్చు’, అంతకు తక్కువ అయితే ‘అనుమానమే’. పిల్ల కేసు రెండో తరగతి కింద వచ్చింది. ఇంటర్ ఫలితాలు చూసినప్పుడు కూడా నాకు అంత ఆత్రం కలగలేదు.

అయితే ఈ పట్టిక పిల్లలకు సరిగా అతకదనే మాట ఉన్నది. ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారా, రక్తంలో మందు ఎంత ఉందో కొలిచారా, మళ్లీ ఇచ్చి చూశారా వంటి ప్రశ్నలు వార్డులో పసిపిల్లల దగ్గర ఎవరు అడుగుతారు, ఎవరు చేస్తారు? అందుకే ఆల్డర్ హే వైద్యులే 2011లో మార్కులు లేకుండా ఒక ప్రశ్న నుంచి ఇంకో ప్రశ్నకు పోయే కొత్త పద్ధతి తయారుచేసుకున్నారు.

నా దృష్టిలో మనకు ఈ పద్ధతుల కంటే ముందు కావలసింది కేస్ షీటు. మందు పేరు, ఎంత వేసింది, ఎన్ని గంటలకు వేసింది, పిల్ల బరువెంత – ఈ నాలుగూ రాసి లేని కాగితంలో ఏ ఆనవాలు వెదికినా దొరకదు. ఒక్క నర్సమ్మకు వార్డు నిండా పిల్లలుంటే ఆమె మాత్రం ఏం రాస్తుంది? 2008లో మన దేశంలో ఫార్మ్.డి అనే ఆరేండ్ల చదువు మొదలైంది. మన రాష్ట్రంలో చాలా కళాశాలల్లో ఉన్నది. ఆ విద్యార్థులు వార్డుల్లో తిరిగి మందుల చరిత్ర రాసుకుంటారు. ఈ పనికి వారు సరిగ్గా సరిపోతారు. ఉద్యోగాలు మాత్రం ప్రైవేటు కార్పొరేటు దవాఖానల్లోనే ఎక్కువ. జిల్లా దవాఖానలోని పిల్లల వార్డులో మంచం పక్కన కదలకుండా ఉండేది తల్లి ఒక్కతే. పిల్ల తల్లి కంటే ముందు ఎవరికీ తేడా కనబడదు. కాని ఆమె చెప్తే వినేవారెవరు? “జ్వరం పిల్లలు అట్లనే ఉంటరు, పోవమ్మా” అనే మాట ఎన్నిసార్లు విన్నామో.

తల్లి కూడా ఫిర్యాదు పంపవచ్చునన్న సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. ఔషధ నిఘా కార్యక్రమం వారు మామూలు ప్రజల కోసం వేరే ఫారం పెట్టినారు, అది తెలుగులో కూడా ఉన్నది. 1800-180-3024 అనే నంబరుకు పైసా ఖర్చు లేకుండా ఫోను చేసి కూడా చెప్పవచ్చు. మందు పేరు, ఎప్పుడు వేశారు, ఏమైంది అన్నది చెప్తే చాలు. మందు వల్లనే అని రుజువు చేయవలసిన బాధ్యత చెప్పేవారిది కాదు. ఇట్లా పోగైన రిపోర్టులూ, పరిశోధనలూ కలిసినప్పుడే ప్రభుత్వం చేయి కదుపుతుంది. పిల్లల జ్వరానికి విరివిగా వాడిన నిమెసులైడ్‌ను 12 ఏండ్ల లోపువారికి 2011లో నిషేధించారు. 2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేండ్ల లోపు పిల్లలకు వాడవద్దని సీసా మీద అచ్చు వేయమన్నారు.

మా మామ బిడ్డకు జరిగినదాన్ని పంపుదామని నేను ఆ ఫారం తెచ్చి నింపబోయాను. ‘మందు మోతాదు’ అన్న గడి దగ్గర కలం ఆగింది. దవాఖానవారిని అడిగితే కేస్ షీటు ఇవ్వలేదు. గడి ఖాళీగానే వదిలి పంపాను. ఆరు నెలల తర్వాత పిల్లకు మళ్లీ వాంతులు పట్టుకుంటే వేరే డాక్టరు ఒక తీపి మందు రాశాడు. సీసా మీద కంపెనీ పేరు వేరు. మా అత్త మెడికల్ షాపులో నిలబడి నాకు ఫోను చేసి, సీసా మీద చిన్న అక్షరాల్లో ఏమున్నదో షాపు పిల్లవానితో చదివించింది. అదే మందు. వాపసు ఇచ్చి, డాక్టరుకు చెప్తే ఆయన వెంటనే మార్చి రాశాడు. ఇప్పుడు మా అత్త రేషన్ కార్డు కవరులో ఒక చీటీ ఉంటుంది. ‘పాపకు మెటోక్లోప్రమైడ్ పడదు’ అని నేనే తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసిచ్చాను. ఏ దవాఖానకు పోయినా ఆధార్ కార్డు కంటే ముందు అదే బయటికి తీస్తుంది.